ముందు క్రియాపదం చూడండి: ఆగమన కాలం, మరియమాత పండుగల పాటల మీద ప్రసంగ పాఠం

(నల్లగొండలో కతోలిక విచారణల, అంటే గుడి సంఘాల, గాయక బృందాల ముందు చేసిన ప్రసంగం. రాతలో పెట్టేటప్పుడు మాటతీరు మార్చలేదు.)

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, సిస్టర్‌గార్లకు, ఉపదేశులకు వందనాలు. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ దిక్కు నుంచి వచ్చినవాళ్లున్నారు, పాలమూరు, వనపర్తి నుంచి వచ్చినవాళ్లున్నారు. మనందరికీ ఒకే ఇబ్బంది. వరి కోతలు, పత్తి ఏరుడు జోరు మీదున్నప్పుడే ఆగమన కాలం, అంటే క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలం, వస్తుంది. పొద్దుగూకినంక ఇంటికి వచ్చి, అన్నం తిని, గుడికి చేరేసరికి ఎనిమిదవుతుంది. వారానికి రెండు రాత్రులు, గంట గంట. ఆ రెండు గంటల్లో ఆరు కొత్త పాటలు నేర్పబోతే ఒక్కటీ నిలవదు. కాబట్టి ఎక్కువ పాటలు వద్దు, సరైన పాటలు కావాలి. సరైనది ఏదో ఎట్లా తెలుస్తుంది? ఇవాళ ఎక్కువసేపు దాని గురించే చెబుతాను.

పాట చేతికి రాగానే రాగం చూడకండి, తాళం చూడకండి. పెన్సిల్ తీసుకుని క్రియాపదాల కింద గీతలు గీయండి. "పుట్టెను", "జన్మించెను", "వెలసెను", "చేరెను" అని ఉంటే అది క్రిస్మసు పాట. జరిగిపోయిన సంగతిని చాటుతున్నది. "రమ్ము", "రావయ్యా", "ఎదురుచూచుచున్నాము", "సిద్ధపరచుడి", "మేలుకొనుడి" అని ఉంటే అది ఆగమన కాలపు పాట. రాగం ఎంత మెత్తగా ఉన్నా "పుట్టెను" అన్న పాట డిసెంబర్ మొదటి ఆదివారం పాడితే, ఇంకా పెట్టని విందుకు చేతులు కడిగినట్టే. కొన్ని పాటలు కలగలుపుగా ఉంటాయి. మొదటి రెండు చరణాలు ఎదురుచూపు, మూడో చరణం పశువుల పాక. దాన్ని పారేయనక్కర్లేదు. ఆదివారాల్లో రెండు చరణాలతో ఆపి, మూడోది 24 రాత్రి పూజకు దాచిపెట్టండి. ఆ రాత్రి జనం ఆ చరణాన్ని కొత్తగా వింటారు.

ఇంకొక మెట్టు లోపలికి పోదాం. ఆగమన కాలం మొత్తం ఒకే రంగు కాదు. మొదటి ఆదివారం నుంచి డిసెంబర్ 16 దాకా పఠనాలు ప్రభువు మహిమతో మళ్లీ వచ్చే రోజును గుర్తుచేస్తాయి. స్నాపక యోహాను కేక వినిపించేది ఇక్కడే. 17 నుంచి 24 దాకా మాత్రమే బెత్లెహేము దగ్గరపడుతుంది. కాబట్టి మొదటి రెండు ఆదివారాలకు "మరల వచ్చును", "మార్గము సరళము చేయుడి" అన్న భావం ఉన్న పాటలు తీయండి. కన్యక, ఇమ్మానుయేలు, దావీదు వంశం అన్న మాటలున్న పాటలు చివరి వారానికి ఉంచండి. మూడో ఆదివారం సంతోషపు ఆదివారం. గురువు గులాబీ రంగు వస్త్రం వేసుకోవచ్చు, ఆ రోజు "ఆనందించుడి" అన్న పాట ఉండాలి. ఆ ఒక్కరోజు తబలా కొంచెం గట్టిగా మోగినా తప్పులేదు.

మీలో చాలామంది అడిగేది ఊళ్లో క్రిస్మసు పాటల సంచారం గురించి. డిసెంబర్ మొదటి వారం నుంచే పిల్లలు ఇంటింటికీ పాడుతూ తిరుగుతారు, బళ్లల్లో, ఆఫీసుల్లో ముందే కేకు కోస్తారు. దాన్ని ఆపలేము, ఆపాల్సిన పనీ లేదు. ఆ పాటలు వాకిట్లో ఉండనివ్వండి. బలిపీఠం దగ్గరకు మాత్రం 24 రాత్రి దాకా తేవద్దు. వీలైతే సంచారాన్ని 17 తరువాత పెట్టుకోండి, అప్పుడు రెండింటికీ పొత్తు కుదురుతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. 2026లో ఆగమన కాలం నవంబర్ 29న మొదలవుతుంది. ఆ రోజు నుంచి మూడేళ్ల పఠనాల వరుసలో రెండో సంవత్సరపు, అంటే బి సంవత్సరపు పఠనాలు. మొదటి పఠనం తరువాత పాడే బైబిలు కీర్తనలు నాలుగు ఆదివారాలకూ రాసుకోండి: మొదటిది 80వ కీర్తన, రెండోది 85, మూడోది కీర్తనల గ్రంథం నుంచి కాదు, లూకా మొదటి అధ్యాయంలో మరియమ్మ పాడిన స్తుతిగీతం, నాలుగోది 89. ఇక్కడొక చక్కని సంగతి ఉంది. డిసెంబర్ 8 నిష్కళంక మాత పండుగనాడు చదివే సువిశేషం గాబ్రియేలు దూత మంగళవార్త, అంటే యేసు పుట్టబోతాడని మరియమ్మకు చెప్పిన కబురు. డిసెంబర్ 20, నాలుగో ఆదివారం సువిశేషం కూడా అదే. మధ్యలో 13న మరియమ్మ పాట కీర్తనగా వస్తుంది. అంటే ఈ సంవత్సరం మరియమ్మ స్తుతిగీతాన్ని ఒక్క రాగంలో బాగా నేర్చుకుంటే మూడు చోట్ల పనికొస్తుంది: 8న దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) స్వీకరించే వేళ, 13న కీర్తనగా, 20న మళ్లీ దివ్యసత్ప్రసాదం వేళ. మీ రెండు గంటల్లో ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

కీర్తన స్థానంలో వేరే భక్తిపాట పాడే అలవాటు చాలా గుళ్లలో ఉంది. పూజగ్రంథపు నియమావళి దాన్ని ఒప్పుకోదు. కారణం తేలికే: కీర్తన కూడా దేవుని వాక్యమే, మొదటి పఠనానికి జవాబు. పాడడం కష్టమని వదిలేస్తున్నారు గానీ కష్టం లేదు. మన పొలాల్లో నాట్లు వేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా, అదే పద్ధతి. పల్లవి చిన్నదిగా, ఒక్క ఊపిరిలో అయ్యేటట్టు ఉండాలి. చరణం పంక్తిని రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్క గాంధారం మీద మాట్లాడినట్టు పాడి, చివరి మాటలో మధ్యమం తాకి గాంధారానికి రండి. రెండో ముక్క కూడా గాంధారం మీదే, చివరి దీర్ఘాక్షరం దగ్గర రిషభం, ఆ తరువాత షడ్జమం. అంతే. తెలుగు వాక్యం క్రియాపదంతో ముగుస్తుంది కాబట్టి బరువు సహజంగానే చివర పడుతుంది. ఆ దిగుడును హ్రస్వం మీద పెడితే మాట విరుగుతుంది. అందుకని ముందురోజే ప్రతి పంక్తిలో ఆఖరి దీర్ఘాక్షరానికి చుక్క పెట్టుకోండి.

హ్రస్వ దీర్ఘాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. "మరియ" అనే మాటలో మూడూ లఘువులే. పరదేశపు రాగాలకు తెలుగు మాటలు కూర్చినప్పుడు "మారీయా" అని సాగదీయాల్సి వస్తుంది. అటువంటి చోట "మాతా" అనో "దేవమాత" అనో మార్చుకుంటే రాగం చెడదు, పేరూ చెడదు. "నిష్కళంక"లో "ష్క" గట్టిగా పలకాలి, నెమ్మదిగా పాడేటప్పుడు "నిషకళంక" అయిపోతుంది. ఊపిరి తీసుకునేది మాటల మధ్య, మాటలో కాదు. "ఎదురు" అని ఆగి ఊపిరి తీసుకుని "చూచు" అంటే విన్నవాళ్లకు ఏదో ఎదురైనట్టు ఉంటుంది.

ఆగమన కాలపు ఆదివారాల్లో మహిమ గీతం, అంటే పూజ మొదట్లో వచ్చే గ్లోరియా, పాడము. అల్లేలూయ మాత్రం పాడతాము. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంతో కలగాపులగం చేసుకుని అల్లేలూయ కూడా మానేసేవాళ్లున్నారు, అది పొరపాటు. డిసెంబర్ 8న మహిమ గీతం ఉంటుంది, అది మహోత్సవం కాబట్టి. అయితే 8వ తేదీ ఆదివారం పడితే పండుగ సోమవారానికి జరుగుతుంది. 2024లో అట్లాగే అయింది, మళ్లీ 2030లో అవుతుంది. మహిమ గీతానికి బదులు "మహిమ మహిమ" అని మొదలయ్యే వేరే పాట పాడడం కుదరదు, దాని మాటలు నిర్ణయమైనవి.

డిసెంబర్ 17 నుంచి 23 దాకా ఏడు రోజులకు ఏడు పిలుపులున్నాయి: ఓ దివ్యజ్ఞానమా, ఓ ప్రభూ, ఓ యిషాయి వేరా, ఓ దావీదు తాళపుచెవీ, ఓ ఉదయకాంతీ, ఓ జనముల రాజా, ఓ ఇమ్మానుయేలూ. లాటిన్‌లో వీటి మొదటి అక్షరాలను చివరి నుంచి చదివితే "ఎరో క్రాస్", అంటే "రేపు ఉంటాను" అని వస్తుంది. వారపు రోజుల పూజలో ఇవే అల్లేలూయ వచనాలు. ఉదయపు పూజకు పదిమందే వచ్చినా, ఒక్కరు ఆ పిలుపు పాడి అందరూ "రమ్ము" అని అందుకుంటే చాలు, వాద్యం అక్కర్లేదు.

ఇప్పుడు మరియమాత పాటలు. ఇక్కడా క్రియాపదమే. మంగళవార్త జపంలో మనం ఆమెను అడిగేది ఏమిటి? మా కొరకు ప్రార్థించండి అని. పాట పల్లవిలో "ప్రార్థించుము", "వేడుము", "నడిపించుము", "నేర్పుము" ఉంటే ధైర్యంగా తీసుకోండి. "రక్షించుము" ఉంటే ఆగి చూడండి. ఆ మాట ఉన్న ప్రతి పాటా తప్పని నేను అనను. నీ శరణు చొచ్చితిమి అనే అతి పురాతన ప్రార్థనలోనే ఆపదల నుంచి విడిపించమని అడుగుతాము. చూడవలసింది పాట మొత్తంలో ఒక్కసారైనా ఆమె కుమారుని ప్రస్తావన ఉందా అని. ఆరవ పౌలు పోపుగారు 1974లో రాసిన "మరియాలిస్ కుల్టుస్"లో మరియ భక్తి క్రీస్తు వైపు చూడాలని, బైబిలు మీద నిలబడాలని చెప్పారు. మరియమ్మను తలచుకోవడానికి ఆగమన కాలం ప్రత్యేకంగా తగిన కాలమనీ అందులోనే ఉంది. పొగడ్తలు మాత్రమే ఉండి, పువ్వులు, చందమామ, వెన్నెల తప్ప ఇంకేమీ లేని పాటను తేరు ప్రదక్షిణకు ఉంచుకోండి, పూజలోకి వద్దు.

పండుగ అర్థం తెలియక పాట తప్పేది రెండు చోట్ల. మొదటిది నిష్కళంక మాత పండుగ. ఇది యేసు కన్యక గర్భాన పడిన సంగతి కాదు. మరియమ్మ తన తల్లి అన్నమ్మ గర్భంలో పడిన క్షణం నుంచే జన్మపాపం అంటకుండా ఉన్న సంగతి. 1854లో తొమ్మిదో పీయూష్ పోపుగారు దీన్ని విశ్వాస సత్యంగా ప్రకటించారు. నాలుగేళ్లకు, 1858లో లూర్దు దర్శనాలు. కాబట్టి లూర్దుమాత పాట 8వ తేదీకి చక్కగా సరిపోతుంది, ఫిబ్రవరి 11కు మాత్రమే అట్టిపెట్టనక్కర్లేదు. రెండోది ఆగస్టు 15. పాటల కాగితాల్లో అచ్చుతప్పు ఎక్కువగా కనబడేది ఇక్కడే. ప్రభువుది మోక్షారోహణ, తన శక్తితో తానే ఎక్కిపోయాడు. మరియమ్మది మోక్షారోపణ, ఆమెను దేవుడు ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం తేడా, అర్థం మొత్తం అందులోనే ఉంది. పాటలోనూ "ఎక్కెను" కాదు, "ఎత్తబడెను", "కొనిపోబడెను" ఉండాలి. ఆ రోజు కీర్తన 45వది, రాణి కుడిపక్కన నిలిచి ఉంది అనేది. దాన్ని వదిలి భక్తిపాట పాడితే పండుగ గుండెకాయను వదిలినట్టు. జెండా వందనం, దేశభక్తి గీతం పూజ అయ్యాక ఆవరణలో.

పూజలో మరియమాత పాట ఎక్కడ? ప్రవేశానికి, ముగింపుకు. దివ్యసత్ప్రసాదం స్వీకరించేటప్పుడు ప్రభువు పాట ఉండాలి, లేదా మరియమ్మ స్తుతిగీతం ఉండవచ్చు, ఎందుకంటే అది ఆమె గురించిన పాట కాదు, ఆమె దేవునికి పాడిన పాట. జనవరి 1ని కూడా గుర్తుపెట్టుకోండి. ఆ రోజు మరియమ్మ దేవమాత మహోత్సవం. ఎఫెసు మహాసభ 431లో ఆమెను దేవమాత అని ఒప్పుకున్న విశ్వాసానికి సంబంధించిన రోజు. 31 రాత్రి పూజలో అన్నీ కొత్త సంవత్సరం పాటలే పాడి ఆమెను మరిచిపోతున్నాము.

ఇక వాద్యం దగ్గరకు. మొదట శ్రుతి, అంటే పాటకు షడ్జమంగా పట్టుకునే మెట్టు. ఒకటి అంటే సి, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఆరు అంటే ఏ. జనం సుఖంగా పాడగలిగేది హార్మోనియం మీద కింది ఆరు, అంటే ఏ, నుంచి పైస్థాయి రెండు, అంటే డి, దాకా. మగవాళ్లు అదే ఒక స్థాయి కింద పాడతారు. పాటలో అన్నిటికంటే కింది స్వరం, పై స్వరం వెతికి రాసుకోండి. మంద్ర పంచమం నుంచి తార షడ్జమం దాకా పోయే పాట రెండు శ్రుతిలో సరిగ్గా పడుతుంది. షడ్జమం నుంచి తార రిషభం దాకా అయితే ఒకటి శ్రుతి. తార గాంధారం తాకితే ఆరు, లేదా ఆరున్నర. మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం మధ్యనే తిరిగే పాటకు ఐదు. మంద్ర పంచమం నుంచి తార గాంధారం దాకా పాకే పాట, సినిమా బాణీలో కట్టినవి చాలావరకు ఇట్లాంటివే, జనానికి పనికిరాదు. చరణం ఒక్కరికి ఇచ్చి పల్లవి మాత్రం అందరికీ ఇవ్వండి. రికార్డులో పాడిన గాయని శ్రుతినే పట్టుకుని మొదలుపెడితే రెండో పంక్తికే మగవాళ్లు నోరు మూస్తారు. వాళ్లకు భక్తి లేక కాదు, గొంతు అందక. పొద్దున ఆరున్నర గంటలకు పూజ అయితే ఇవన్నీ అర శ్రుతి నుంచి ఒక శ్రుతి దించండి. పొద్దున్నే గొంతులు లేవవు.

తబలావాళ్లకు ఒక మాట. పాటపాటకూ శ్రుతి మారిస్తే మీరు సుత్తి పట్టుకునే కూర్చోవాలి. తబలాను డికి కలుపుకోండి. రెండు శ్రుతి పాటకు అది షడ్జమం, ఐదు శ్రుతి పాటకు అది పంచమం. పాటలను ఆ రెండు శ్రుతుల్లోకి సర్దుకుంటే పూజంతా ఒక్క తబలాతో గడుస్తుంది. కీబోర్డు, హార్మోనియం కలిపి వాయిస్తే ముందు రెండూ ఒకే స్వరం పట్టి వినండి. శబ్దం అలలు అలలుగా ఊగితే కలవలేదని అర్థం. హార్మోనియం రీడును మార్చలేము కాబట్టి కీబోర్డులో ట్యూనింగ్‌ను 440 నుంచి కొద్దికొద్దిగా జరిపి ఆ ఊపు ఆగేదాకా చూడండి.

కీబోర్డు మీద కార్డుల్లో, అంటే ఒకేసారి కలిపి పట్టే స్వరాల్లో, ఎక్కువ తప్పు హిందోళం రాగంలో జరుగుతుంది. డి శ్రుతిలో హిందోళం అనగానే డి మైనర్ పట్టేస్తారు. అందులో పంచమం ఉంది, రాగంలో లేదు. జి మైనర్, బి ఫ్లాట్ వాడండి. షడ్జమం మీద ఆగినప్పుడు షడ్జమం, మధ్యమం రెండే పట్టండి. మోహనలో డి, బి మైనర్ సరిపోతాయి. ఏ మేజర్ పడితే లేని నిషాదం వినిపిస్తుంది, అక్కడ ఏ, ఈ రెండు స్వరాలే చాలు.

ఆగమన కాలంలో వాద్యం మితంగా ఉండాలి, క్రిస్మసు సంతోషాన్ని ముందే ఖర్చు చేయకూడదు. ఇది నియమావళి 313వ సంఖ్యలో ఉంది. కీబోర్డులో స్టైల్, అంటే దానంతట అదే మోగే తాళం, ఆపేయండి. స్టైల్ జనం ఊపిరి కోసం ఆగదు, అందుకే పంక్తి చివర అందరూ తరుముకుంటూ పాడతారు. స్ట్రింగ్స్ సగం గొంతులో, ఎడమచేత్తో ఒక్క స్వరం, అంతే. ఆరంభపు బిట్టు పల్లవి మొదటి పంక్తి రాగమే ఉండాలి, ఒక్కసారే. చరణాల మధ్య రికార్డులోలాగా పెద్ద పెద్ద సంగీతం ప్రవేశ గీతంలో వద్దు, గురువు పీఠం దగ్గర నిలబడి ఎదురుచూస్తారు. గురువు అప్పద్రాక్షరసాల మీద ప్రార్థన చెబుతున్నంతసేపు కీబోర్డు మీద చేయి ఉండకూడదు. మెల్లగా ప్యాడ్ పట్టి ఉంచితే భక్తిగా ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు. అక్కడ భక్తికి కావలసింది నిశ్శబ్దమే. మైకు సంగతి: పల్లవి జనం అందుకోగానే ఎత్తుకున్నవాళ్లు మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరగండి. మైకు గొంతు పెద్దదైతే జనం శ్రోతలవుతారు.

తేరు ప్రదక్షిణలో పాట ఎందుకు చెదురుతుందో చెప్పి ముగిస్తాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వరుస 100 మీటర్లుంటే ముందున్న పాట వెనకకు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. మామూలు నడకలో అది దాదాపు అర దెబ్బ. అందుకే వెనకవాళ్లు ఎప్పుడూ వెనకే ఉంటారు, ఎంత కోప్పడినా లాభం లేదు. డప్పు, పాడేవాళ్లు వరుస మధ్యలో నడవాలి, అప్పుడు ఆలస్యం సగమవుతుంది. పొడుగు పాటలు వద్దు. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే చిన్న పల్లవులు, లేదంటే పదేసి మంగళవార్త జపాల మధ్య ఒక్కో పల్లవి. డిసెంబర్ రాత్రి మంచుకు డప్పు తోలు వదులవుతుంది. బయలుదేరే ముందు గడ్డిమంట దగ్గర కాచి, దారిలో ఒకచోట మళ్లీ కాచుకునే ఏర్పాటు చూసుకోండి.

సరే. కాగితాలు అందాయి కదా. 80వ కీర్తన పల్లవి తీయండి. హార్మోనియం దగ్గరున్న తమ్ముడు రెండు శ్రుతి పట్టుకో, తబలా ఇప్పుడే వద్దు. ఒకసారి వినండి, రెండోసారి అందుకోండి.